కాలనీలో బొమ్మల క్లాసు పెట్టాలనుకుంటే

మీ అపార్ట్‌మెంట్‌లోనో కాలనీలోనో అందరూ కలిసి బొమ్మలు వేసుకునే క్లాసు మొదలుపెట్టాలని ఉంటే, సార్ ఎవరు, ఫీజు ఎంత అనే టెన్షన్ ముందే పెట్టుకోకండి. మొదట ఆలోచించాల్సింది "నాకు బొమ్మలు రావండీ" అనేవాళ్ల గురించి. క్లాసు వాళ్ల కోసమే.

వాట్సాప్ గ్రూపులో "ఆర్ట్ క్లాస్, ఆసక్తి ఉన్నవారు పేరు ఇవ్వండి" అని పెడితే బాగా వేసేవాళ్లే వస్తారు, మిగతావాళ్లు చూసి ఊరుకుంటారు. అందుకే "ఆదివారం టిఫిన్ అయ్యాక కమ్యూనిటీ హాల్లో కూర్చుని బొమ్మలు గీసుకుందాం, ఏమీ రాకపోయినా రండి, పెన్సిలూ కాగితం మేమే ఇస్తాం" అని రాయండి. అదే మాట హిందీలో కూడా పెట్టండి, మన హైదరాబాద్‌లో పక్క ఫ్లాట్‌లో ఎవరుంటారో తెలుసు కదా. గ్రూపులో లేని వాచ్‌మన్ కుటుంబానికీ, ఇళ్లలో పనిచేసే అక్కలకూ ఎదురుగా వెళ్లి చెప్పండి. పిల్లల్ని దింపేసి వెళ్లిపోదామని వచ్చే అమ్మానాన్నలకు కూడా ఒక కాగితం చేతికిచ్చి కూర్చోబెట్టేయండి, చాలామంది అలాగే మొదలుపెడతారు.

చోటు విషయానికొస్తే, ఒక పక్క నుంచి వెలుతురు పడే కిటికీ ఉంటే చాలు. సెల్లార్లో ట్యూబ్‌లైట్ కింద నీడలు సరిగా కనబడవు. చలికాలంలో పొద్దున్నే టెర్రస్ చాలా బాగుంటుంది, ఎండాకాలంలో మాత్రం అక్కడ కూర్చోలేం. నేల మీద పాత పేపర్లు పరవడం మర్చిపోవద్దు, ఒక్క మరక పడిందంటే అసోసియేషన్ వాళ్లు మళ్లీ హాలు తాళం ఇవ్వడానికి వెనకాడతారు.

సామాను కోఠిలోనో అబిడ్స్‌లోనో స్టేషనరీ షాపుల్లో దొరుకుతుంది. పెన్సిల్ 2బి గానీ 4బి గానీ తీసుకోండి, హెచ్‌బి అయితే గీత పల్చగా వస్తుందని కొత్తవాళ్లు కాగితం మీద గట్టిగా నొక్కేస్తారు. పెన్సిల్ పనికి మామూలు ఎ4 కాగితాలు సరిపోతాయి, రంగులకు మాత్రం 200 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) దాకా మందం ఉండాలి, లేకపోతే తడికి ముడతలు పడుతుంది. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు పోస్టర్ కలర్స్ చాలు, మిగతావన్నీ కలుపుకోవచ్చు, ఆ కలపడంలోనే సగం ఆనందం ఉంది. అక్రిలిక్ రంగు ఒకసారి ఆరిందంటే బట్టల మీద నుంచి పోదు, ఆయిల్ రంగులకు వాడే టర్పెంటైన్ వాసన మూసిన గదిలో తలనొప్పి తెస్తుంది, ఆ రెండూ ఇప్పుడే వద్దు.

మొదటి రోజు ముగ్గుతో మొదలుపెట్టండి. బొమ్మలు రావన్న పెద్దమ్మే చుక్కల చుట్టూ మెలికల ముగ్గు ఎక్కడా తడబడకుండా తిప్పేస్తుంది. ఆ ముగ్గునే కాగితం మీద పెన్సిల్‌తో వేయించండి, పిల్లలకు ఆమె చేతే నేర్పించండి. తర్వాత మధ్యలో ఒక సీతాఫలం పెట్టి (ఆ కాలం కాకపోతే ఇత్తడి చెంబు), కాగితం వైపు చూడకుండా పండునే చూస్తూ, చెయ్యి ఎత్తకుండా, నెమ్మదిగా గీయమనండి. అందరి బొమ్మలూ వంకరగానే వస్తాయి, అందరూ నవ్వుకుంటారు, దాంతో భయం పోతుంది. రబ్బరు మాత్రం ఆ రోజు ఎవరికీ ఇవ్వొద్దు.

ఒక్క నియమం మాత్రం గట్టిగా పెట్టుకోండి. బొమ్మలు వేయడం వచ్చినవాళ్లు, రానివాళ్ల కాగితం మీద చెయ్యి పెట్టకూడదు. చెప్పాలనిపిస్తే వేరే కాగితం మీద గీసి చూపించాలి. ఎంత ప్రేమగా దిద్దినా సరే, అది తన బొమ్మ కాదనిపించిన మనిషి వచ్చే వారం రారు. పోటీలూ ఫస్ట్ ప్రైజులూ కూడా వద్దు, తాడు కట్టి అందరివీ క్లిప్పులతో వేలాడదీయండి.

నాలుగైదు వారాలు గడిచి, మనుషులు కుదురుకున్నాక చేర్యాల బొమ్మలు వేసే కళాకారుల్ని పిలవండి. సిద్దిపేట జిల్లాలోని చేర్యాల మనకు వంద కిలోమీటర్ల లోపే. బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద కథంతా వరసలుగా వేసే నకాశీల (ఈ కళాకారుల్ని అలాగే పిలుస్తారు) పనిని దగ్గరుండి చూస్తే పిల్లలకంటే పెద్దవాళ్లే ఎక్కువ ప్రశ్నలు అడుగుతారు. ఊరికే వచ్చి నేర్పమని మాత్రం అడక్కండి. అది వాళ్ల బతుకుతెరువు. రోజు ఫీజు, దారి ఖర్చులు ముందే మాట్లాడుకుని అందరూ తలా కొంత వేసుకోండి, ఇవ్వలేని వాళ్ల వాటా మిగతావాళ్లు చూసుకోండి, ఆ సంగతి గ్రూపులో రాయకండి.