వ్యాసం దిద్దుకుందాం – 4వ పాఠం: పేరా పక్కన ఒక్క వాక్యం

పోయిన పాఠంలో 'మా ఊరి నీళ్లు' మీద 40 నిమిషాల్లో రెండు పేజీలు రాసి, మూడు రోజులు ముట్టుకోవద్దన్నాను. ఇప్పుడు ఆ కాగితాలు తీయండి. పెన్సిల్ ఒక్కటి చాలు.

దిద్దడం అనగానే చాలామంది ఒత్తులు, దీర్ఘాలు చూస్తారు. అది ఆఖర్న చేసే పని. రేపు కొట్టేయబోయే పేరాలో తప్పులు దిద్దుకుంటూ కూర్చుంటే టైమంతా పోతుంది. ముందు ప్రతి పేరా పక్కన, అది ఏం చెబుతోందో ఒక్క వాక్యంలో రాయండి. 'నీటి గురించి' అంటే కుదరదు. 'తిరుపతికి కల్యాణి డ్యామ్ ఒక్కటే చాలదు, తెలుగుగంగ నీళ్లు కూడా కావాలి' అనాలి.

తిరుపతిలో నా దగ్గరికి వచ్చే ఒక డిగ్రీ అమ్మాయి వ్యాసం ఇలా మొదలైంది: "నీరు సమస్త ప్రాణికోటికి ఆధారం. ప్రాచీన కాలం నుండి మానవుడు నదీ తీరములందు నివసించెను." దీని పక్కన ఏం రాయాలో ఆమెకు చాలాసేపు తోచలేదు. చివరికి 'నీళ్లు ముఖ్యం' అని రాసింది. కాదనేవాళ్లెవరు? పేపర్లు దిద్దేవాళ్లు ఇలాంటి ఎత్తుగడ ఎన్నిసార్లు చదివి ఉంటారో!

మూడో పేరా చూడండి: "2021 నవంబరు వానలకు కొండ మీది నీళ్లన్నీ కపిలతీర్థం దగ్గర ఉరికాయి. మా వీధిలో మోకాలిలోతు నీళ్లు. ఆ నీళ్లలోనే నడిచి వెళ్లి నాన్న తాగడానికి క్యాన్ తెచ్చాడు." దీనికి మాత్రం ఆమె పెన్సిల్ ఆగలేదు: 'ఊరు మునిగినా తాగేనీళ్లు కొనుక్కోవాల్సిందే.'

"సార్, ఇదే ముందుకు రావాలి కదా?" అంది. రావాలి. మొదటి పేరా కొట్టేయడానికి మాత్రం మనసు రాలేదు, స్కూల్లో బట్టీ పట్టింది మరి. నేను బలవంతం చేయలేదు. అది లేకుండా ఒకసారి పైకి చదవమన్నాను. చదివి, తనే గీత కొట్టింది.

ఆ తర్వాతే అసలు కష్టం. వరద పేరా ముందుకొస్తే, కల్యాణి డ్యామ్ గురించి ఆమె రాసిన పేరాకు అతుకు కావాలి. నాలుగుసార్లు రాసి కొట్టేసి, ఐదోసారి ఇలా రాసింది: "ఆ నీళ్లు వారంలో పోయాయి. ఏడాదంతా మా కొళాయికి వచ్చే నీళ్ల దారి వేరు." ఇలాంటి అతుకుల దగ్గర తొందరపడకండి, వ్యాసం సాఫీగా సాగేది వాటివల్లే.

రెండు పేరాల పక్కన ఒకే వాక్యం వస్తే కలిపేయండి. ఒక పేరాకు రెండు వాక్యాలు కావాల్సి వస్తే విడగొట్టండి.

పరీక్ష హాల్లో పేరాలు జరపడం కుదరదు. అక్కడ ఈ వాక్యాలే ముందు చివరి పేజీలో రాసుకుని, వరస తేల్చుకుని, అప్పుడు వ్యాసం మొదలుపెట్టండి.

ఈ వారం మీ రెండు పేజీలకు ఈ పని చేయండి. కొట్టేసిన పేరాలు పారేయకుండా దాచండి, ఐదో పాఠంలో వాటితో పని ఉంది.