మూలకాల సంకేతాలు: ఎలా ఎంచుతారు, తప్పు లేకుండా ఎలా రాయాలి

మూలకం సంకేతాన్ని ఇంగ్లిషు పేరుకు పొట్టిరూపం అనుకోవడం దగ్గరే చాలా తప్పులు మొదలవుతాయి. చెన్నైలో తెలుగు పిల్లలు ఇంట్లో ఇనుము అంటారు, వీధిలో తమిళంలో ఇరుంబు అని వింటారు, క్లాసులో ఐరన్ అని చదువుతారు. ఏ భాషలో చదివినా రాయాల్సింది మాత్రం క్యాపిటల్ ఎఫ్, స్మాల్ ఇ. అది లాటిన్ పేరు ఫెర్రమ్ నుంచి వచ్చింది.

ఈ అక్షరాల పద్ధతిని స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ 1813–14లో ప్రతిపాదించారు. అంతకుముందు ఇంగ్లండ్ శాస్త్రవేత్త డాల్టన్ మూలకానికో వృత్తం గీసి, లోపల చుక్కో గీతో అక్షరమో పెట్టేవారు. అవి గుర్తుండవు, అచ్చుకూ లొంగవు. బెర్జీలియస్ సూత్రం తేలికైనది: లాటిన్ పేరులోని మొదటి అక్షరం తీసుకోవాలి, అది చాలకపోతే అదే పేరులోంచి ఇంకో అక్షరం చేర్చాలి.

ఆ ఇంకో అక్షరం పేరులో రెండోదే కానక్కర్లేదు. మెగ్నీషియం, మాంగనీస్ రెండూ ఎమ్, ఏ అనే అక్షరాలతోనే మొదలవుతాయి. అందుకే ఒకదానికి ఎమ్ పక్కన జీ, రెండోదానికి ఎమ్ పక్కన ఎన్ వచ్చాయి. క్లోరిన్, క్రోమియం కూడా అంతే: రెండింటికీ మొదట సీ, హెచ్ ఉన్నాయి కాబట్టి ఎల్, ఆర్ విడదీస్తున్నాయి. పిల్లలకు వట్టి జాబితా ఇచ్చి బట్టీ పట్టించడం కన్నా ఇలాంటి జంటలను పక్కపక్కన పెట్టి చూపిస్తే బాగా నిలుస్తుంది.

ఇంగ్లిషు పేరులోంచి రాని సంకేతాలు పదకొండే: సోడియం, పొటాషియం, ఇనుము, రాగి, వెండి, తగరం, ఆంటిమొనీ, టంగ్‌స్టన్, బంగారం, పాదరసం, సీసం. వీటిని మాత్రం పాత పేరుతో కలిపి నేర్చుకోవాలి. సోడియం నేట్రియం కాబట్టి ఎన్, ఏ. పొటాషియం కాలియం కాబట్టి కె. సీసం ప్లంబమ్ కాబట్టి పీ, బీ. టంగ్‌స్టన్‌కు డబ్ల్యూ రావడానికి కారణం వోల్ఫ్రామ్ అన్న పేరు.

కొత్త మూలకాల పేర్లను, సంకేతాలను ఇప్పుడు అంతర్జాతీయ రసాయనశాస్త్ర సంఘం ఐయూపాక్ ఖాయం చేస్తుంది. కనుగొన్నవాళ్లు పేరు సూచిస్తారు, అయిదు నెలలు అందరి అభిప్రాయాలకు ఉంచుతారు, ఆ తర్వాతే ఆమోదం. పురాణ పాత్ర, ఖనిజం, ఊరు లేదా దేశం, మూలకం గుణం, శాస్త్రవేత్త: పేరు వీటిలో ఒకదాని నుంచి రావాలి. పాత వాడుకతో గందరగోళం వస్తుందనుకుంటే సంకేతాన్ని మార్చేస్తారు. 112వ మూలకం కోపర్నిషియానికి మొదట సీ, పీ అనుకున్నారు. ఒకప్పుడు లుటీషియానికి ఆ సంకేతం వాడారు కాబట్టి 2010లో సీ, ఎన్ ఖాయం చేశారు. ప్రస్తుతం 118 మూలకాలకు శాశ్వత సంకేతాలున్నాయి. వేటిలోనూ జే అక్షరం లేదు. 119వదానికి ఉన్న యూ, యూ, ఇ తాత్కాలికం. మూడక్షరాలు కనిపిస్తే అది ఇంకా పేరు పెట్టని మూలకమని తెలుసుకోండి.

ఇక రాయడం. మొదటి అక్షరం ఎప్పుడూ క్యాపిటల్, రెండోది ఎప్పుడూ స్మాల్, చివర చుక్క ఉండదు. మార్కులు పోయేది ఎక్కువగా రెండో అక్షరం దగ్గరే. సీ పక్కన స్మాల్ ఓ ఉంటే కోబాల్ట్ లోహం. ఓ కూడా క్యాపిటల్ అయితే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు. హెచ్ పక్కన స్మాల్ ఎఫ్ హాఫ్నియం, క్యాపిటల్ ఎఫ్ హైడ్రోజన్ ఫ్లోరైడ్. ఓ, ఎస్, యూ వంటి అక్షరాలకు చేతిరాతలో రెండు రూపాలూ దాదాపు ఒకటే, తేడా సైజులో మాత్రమే. నాలుగు గీతల కాపీలో అలాంటి రెండో అక్షరం సగం ఎత్తు దాటకుండా రాయిస్తే వారంలో చెయ్యి కుదురుతుంది. టైపు చేసేటప్పుడు క్లోరిన్‌లోని స్మాల్ ఎల్, క్యాపిటల్ ఐ కొన్ని ఫాంట్లలో ఒకేలా కనిపిస్తాయి. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లు అక్షరాల చివర చిన్న గీతలున్న ఫాంట్ వాడాలి.

సంకేతానికి నాలుగు మూలలూ నాలుగు పనులకు. ఎడమ పైన ద్రవ్యరాశి సంఖ్య, ఎడమ కింద పరమాణు సంఖ్య, కుడి పైన విద్యుదావేశం, కుడి కింద పరమాణువుల లెక్క. ఆవేశంలో అంకె ముందు, గుర్తు తర్వాత: 3+ అని రాయాలి, +3 అని కాదు.

చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే రిచీ స్ట్రీట్‌లో టంకం తీగ చుట్ట కొంటే దాని మీద ఎస్ఎన్60, పీబీ40 అని ఉంటుంది. అక్కడి అంకెలు పరమాణువుల లెక్క కాదు: బరువులో 60 శాతం తగరం, 40 శాతం సీసం. అందుకే వాటిని కిందికి దించకుండా వరుసలోనే అచ్చు వేస్తారు. సీసం లేని టంకం మీద శాక్305 అని కనిపిస్తే అందులోని ఎస్, ఏ, సీ సంకేతాలు కావు. తగరం, వెండి, రాగి సంకేతాల్లోని మొదటి అక్షరాలను కలిపి వాడే వాడుక పేరది. వాటినే సంకేతాలుగా చదివితే ఎస్ గంధకం, సీ కార్బన్ అయిపోతాయి.