పెరటి డెక్ కింద జాగా: ముందు నీళ్లకు దారి, తర్వాతే సామాను

విశాఖపట్నంలో ఎండాడ, మధురవాడ, సాగర్‌నగర్ వైపు కొండవాలు మీద కట్టిన ఇళ్లలో పెరటి గుమ్మం నేలకి చాలా ఎత్తులో ఉంటుంది. అక్కడ ఇనుప ఫ్రేమ్ నిలబెట్టి, పైన చెక్క పలకలో డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) పలకలో పరిచి డెక్ చేయించుకుంటారు. కింద జాగా మాత్రం విరిగిన కుర్చీలకీ కొబ్బరి మట్టలకీ, వాటిని వెతుక్కుంటూ వచ్చే ఎలుకలకీ వదిలేస్తారు. పలకల సందుల్లోంచి కారే నీటిని ఆపకుండా కింద అల్మారా పెట్టినా, ఊయల కట్టినా ఒక్క వానాకాలం దాటదు.

టేపు పట్టి నేల నుంచి ఫ్రేమ్‌లో అన్నిటికన్నా కిందికి ఉన్న దూలం అడుగు దాకా కొలవండి. ఆరున్నర అడుగులు పైన ఉంటే మనిషి నిలబడి పనిచేసుకోవచ్చు. నాలుగడుగులుంటే కూర్చుని తీసుకునే సామానుకి సరిపోతుంది. రెండడుగుల లోపైతే దాని జోలికి పోకుండా జాలీ వేసి మూసేయడమే మంచిది. ఎత్తు చాలదని నేల తవ్వించేవాళ్లున్నారు. ఇది మాత్రం చేయొద్దు. స్తంభాల పునాదులకి పక్కనుంచి పట్టు ఇచ్చేది ఆ మట్టే. వాలు మీద అది తీసేస్తే తర్వాతి పెద్ద వానకి దిమ్మ కదులుతుంది. స్తంభం చుట్టూ మూడడుగుల లోపు గునపం దించకండి. తప్పదనుకుంటే ఇంజనీరుకి చూపించాకే.

సందుల్లోంచి కారే నీటిని పట్టి బయటికి పంపడానికి డెక్ అడుగున వాలుగా రేకు బిగించాలి. ఆ రేకు కప్పేస్తే ఫ్రేమ్ మళ్లీ కంటికి కనబడదు. కాబట్టి ఇనుము పని ముందు ముగించాలి. ఉప్పుగాలి ఊళ్లో వాన తగిలే ఇనుముకన్నా వాన తగలని చాటు ఇనుమే తొందరగా తుప్పు పడుతుంది, పేరుకున్న ఉప్పుని కడిగే వాన అక్కడికి రాదు మరి. వెల్డింగ్ అతుకులు, స్తంభాల మొదళ్లు వైర్ బ్రష్‌తో గీకి, మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక ఎపాక్సీ జింక్ ప్రైమర్, పైన రెండు కోట్లు రంగు. ఒక్క రెడ్ ఆక్సైడ్ పూసి వదిలేస్తే సముద్రం దగ్గర ఎక్కువకాలం ఆగదు. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పైపు గోడ లోపలికి పోయిందంటే అది రంగుతో తీరే పని కాదు, ఆ ముక్క మార్పించాలి.

ఇక రేకు. జీఐ (జింక్ పూత ఇనుప) రేకు వద్దు, కారణం పైన చెప్పిన ఉప్పు తుప్పే. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) అలల రేకు తీసుకోండి. ఇంటి గోడ నుంచి బయటికి పదడుగులు, వెడల్పు పన్నెండడుగులు ఉన్న డెక్‌కి లెక్క ఇలా ఉంటుంది. వాటం అడుగుకి అరంగుళం, అంటే గోడ దగ్గర నుంచి బయటి అంచుకి అయిదంగుళాలు దిగాలి. రేకుని బిగించే రీపర్లని (సన్నటి అడ్డపట్టీలని) గోడకి సమాంతరంగా రెండేసి అడుగుల దూరంలో వేస్తే ఆరు పడతాయి. గోడ పక్కది ఫ్రేమ్‌కి ఆనించి, రెండోది ఒక అంగుళం కిందికి, మూడోది రెండంగుళాలు, ఇలా చివరిది అయిదంగుళాలు కిందికి వచ్చేలా మధ్యలో ముక్కలు పెట్టి బిగించండి. అడుగుకి పావంగుళం వాటంతో కూడా నీళ్లు పోతాయి గానీ, సందుల్లోంచి పడే సరుగుడు ఆకులూ ఇసుకా పోవు. అక్కడే నిలిచి మురుగవుతాయి.

రేకుని కిందినుంచి స్క్రూ చేయాలి, అదీ అల పైకి లేచి రీపరుకి ఆనే చోటే. అల పల్లంలో కన్నం వేస్తే నీళ్లన్నీ అక్కడే కారతాయి. స్క్రూ కన్నా కన్నం రెండు మూడు మిల్లీమీటర్లు పెద్దగా ఉండాలి, లేకపోతే మే ఎండకి రేకు సాగి పగులుతుంది. స్టెయిన్‌లెస్ స్క్రూలు, రబ్బరు వాషర్లు వాడండి. మేస్త్రీ రివెట్లు కొడతానంటే ఒప్పుకోవద్దు, విప్పి శుభ్రం చేసుకునే వీలుండదు. పక్క రేకు మీద ఒకటిన్నర అల ఎక్కాలి. గోడకీ డెక్‌కీ మధ్య సందుని మరిచిపోతారు. అక్కడ ఎల్ ఆకారపు అల్యూమినియం పట్టీ, పైన సందు మూసే పీయూ (పాలీయూరిథేన్) సీలెంట్ పెట్టకపోతే నీళ్లు గోడ వెంట జారి రేకు వెనక్కి దిగుతాయి.

బయటి అంచున 110 ఎంఎం పీవీసీ పైపుని నిలువుగా చీల్చి తూములా బిగించండి, రేకు రెండంగుళాలు అందులోకి రావాలి. ఈ కొలత డెక్ మీద పది సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 1,100 లీటర్ల నీళ్లు దిగుతాయి. 200 లీటర్ల డ్రమ్ము పెట్టుకోవచ్చు గానీ రెండు సెంటీమీటర్ల వానకే నిండి పొర్లుతుంది. అందుకని పొర్లుగొట్టం తప్పనిసరి. దాన్ని స్తంభాలకి అయిదడుగుల అవతలికి తీసుకెళ్లి వదలండి. మన ఎర్రమట్టి వాలు మీద ధారగా నీళ్లు పడితే ఒకే తుఫానుకి గుంత చేసేస్తుంది. డ్రమ్ముకి మూతా సన్నటి దోమ జాలీ లేకపోతే వారం తిరిగేసరికి డెంగీ దోమలు మీ ఇంట్లోనే పుడతాయి.

రేకు బిగించాక పైన కొళాయి గొట్టంతో అరగంట నీళ్లు వదిలి కింద నిలబడి చూడండి. చుక్క పడిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి.

నేల పని తేలిక. గడ్డి వేళ్లతో తీసి, ఇంటికి అవతలి వైపు పదడుగులకి రెండంగుళాల వాటం ఇచ్చి, దిమ్మిస కొట్టి, నీళ్లు దిగనిచ్చి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, మీద మూడంగుళాలు 20 ఎంఎం కంకర. ఈ కొలతకి 30 ఘనపుటడుగులు పడుతుంది. ఎర్ర గ్రావెల్ తోలించకండి, తడిస్తే బురదే. టార్పాలిన్ కూడా వద్దు, కింద చెమ్మ పట్టి ఉంటుంది.

పక్కలు పూర్తిగా మూసేయాలనిపిస్తుంది, ముఖ్యంగా కంబాలకొండ అడవి అంచు కాలనీల్లో, పాముల భయంతో. కానీ మూసిన పక్క గాలికి తెరచాపలా పనిచేస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరు ఇది. డిజైన్ లెక్కల్లో విశాఖకి తీసుకునే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, గంటకి 180 కిలోమీటర్లు. సగానికి తక్కువ కాకుండా ఖాళీ ఉండే జాలీయే పెట్టండి. కింది రెండడుగులకి మాత్రం పావంగుళం కళ్ల స్టెయిన్‌లెస్ మెష్ వేసి, ఆరంగుళాలు మట్టిలోకి దించండి. ఎలుక రాకపోతే పాముకి అక్కడ పనేం ఉంటుంది?

సామానుకి ప్లాస్టిక్ ర్యాకులు, అడుగు అర నేలకి ఆరంగుళాలు పైన. అట్టపెట్టెలు పెడితే చెదలకి విందే. సైకిళ్లు, తోటపని సామాను, మామిడికాయలు ముగ్గేసే గంపలు, నీడలో పెరిగే ఫెర్న్‌లు, మనీ ప్లాంట్‌లు బాగుంటాయి. వానాకాలంలో బట్టలారేసే తీగకి ఇంతకన్నా మంచి చోటు లేదు. గ్యాస్ సిలిండర్ మాత్రం పెట్టొద్దు, లీకైన గ్యాస్ గాలికన్నా బరువు గనక పల్లంలో నిలుస్తుంది. ఇన్వర్టర్ బ్యాటరీ, పెట్రోలు కూడా పెట్టొద్దు. లైటు కావాలంటే దుమ్మూ నీటి జల్లూ లోపలికి పోని ఐపీ65 రకం, తీగలు పీవీసీ పైపులో, ఆ లైనుకి కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి.

ఏటా మే నెలలో బయటి అంచు రేకు ఒకటి విప్పి, లోపలి ఆకులు లాగేసి, ఫ్రేమ్‌ని మంచినీళ్లతో కడిగి, తుప్పు చుక్క కనబడిన చోట అప్పుడే గీకి రంగేయించండి.