ఉగాది దాటినంక ఇల్లు అమ్మేటోళ్లకు ఒక మాట

నల్లగొండ దిక్కు ఇల్లు చూడొచ్చినోళ్లు గోడల కంటే ముందు నీళ్లే అడుగుతరు. ఫ్లోరైడ్‌తో ఇన్నేండ్లు పడ్డ జిల్లా, అడగకుంటే ఎట్ల? అందుకే రంగులకు పైసలు పెట్టేముందు బోరు సంగతి చూసుకోండి. ఏప్రిల్‌ల నీళ్లు ఎత్తే బోరు వానకాలంల ఎత్తకుండ పోదని కొనేటోళ్లకు ఎరుకే. వాళ్ల ముందే మోటరు వేసి పది నిమిషాలు నడవనియ్యండి. బోరు ఎన్ని ఫీట్లు, మోటరు ఎన్నేండ్లది, సర్కారు మిషన్ భగీరథ నల్లా నీళ్లు ఏ పూట వస్తయి, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పండి. బోరు నీళ్లు ల్యాబుల పరీక్ష చేయించిన కాయితం ఉంటే ఇంకా మంచిది. లీటరుకు ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు, వాడకానికే అని ముందే అనండి. తర్వాత బయటపడితే బయానా (అడ్వాన్సు) దగ్గరే బేరం చెడుతది.

ఇల్లు పొద్దుగాల 9 లోపే చూపియ్యండి. మధ్యాహ్నం రెండింటికి రేకుల వరండాల నిలబెడితే ఎవరికి మనసు పడతది?

పోయిన వానలకు సీలింగు మీద పడ్డ మరకను సున్నంతో కప్పకండి. కొత్తగ తెల్లగున్న ఒక్క మూలే అనుమానం పుట్టిస్తది.

ఈసీ (ఇంటి మీద తాకట్టు, లావాదేవీలు ఏమున్నయో చూపే సర్కారు కాయితం), లింకు డాక్యుమెంట్లు (ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన పాత కాయితాలు), ఇంటి పన్ను రసీదు ఒక్క ఫైలుల పెట్టుకోండి. కొనేటాయనకు రిజిస్ట్రేషన్ ఖర్చే 7.5 శాతం దాక పడతది, ఆ లెక్క మనసుల పెట్టుకునే రేటు చెప్పండి. పిల్లల బడి జూన్‌ల తెరుస్తరు, ఆ తర్వాత ఆషాఢం. తొందర వాళ్లకూ ఉంటది.