వరంగల్ నుంచి కుంటాలకి ఇద్దరే కారులో వెళ్లాలంటే ఎలా?

వరంగల్ నుంచి కరీంనగర్, జగిత్యాల, ఆర్మూర్, నిర్మల్ మీదుగా కుంటాల జలపాతం దాదాపు 300 కిలోమీటర్లు. చాలామంది పొద్దున బయల్దేరి సాయంత్రానికి జలపాతం చూసేయాలనుకుంటారు. అలా చేయకండి. మొదటిరోజు నిర్మల్‌లో ఆగిపోండి. నిర్మల్ దాటాక వచ్చే కొండ మలుపుల ఘాట్ రోడ్డు, కుంటాల రెండోరోజు పొద్దున్నే పెట్టుకోండి.

ఎప్పుడు వెళ్లాలి? ఆగస్టు నుంచి అక్టోబర్ వరకు కడెం వాగులో నీళ్లు బాగుంటాయి. ఎండాకాలం వెళ్తే చూసేది బండలే.

బయల్దేరే ముందు టైర్లలో గాలి, స్టెప్నీలో గాలి, కూలెంట్, వైపర్లు చూసుకోండి. స్టెప్నీని ఎవరూ పట్టించుకోరు, అవసరం పడేది మాత్రం దానితోనే.

ఇద్దరికీ డ్రైవింగ్ వస్తే మైదానంలో గంటన్నరకోసారి మారండి. అలసిపోయినవాళ్లు అడిగేదాకా చూడకుండా, పక్కనున్నవాళ్లే "ఇక నేను నడుపుతాలే" అనాలి. ఫోన్, మ్యాప్ పని కూడా స్టీరింగ్ పట్టనివాళ్లదే. కరీంనగర్‌లో టిఫిన్ చేసి మానేరు డ్యామ్ కట్ట మీద కాసేపు నడిస్తే కాళ్లు సాగుతాయి.

అసలు జాగ్రత్త జగిత్యాల దాటాక కావాలి. కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు, మక్క, వరి చేలు చూడ్డానికి ఎంతో బాగుంటాయి. కానీ అక్టోబర్ చివర కోతలు మొదలైతే రైతులు రోడ్డు మీదే సగందాకా వడ్లు ఆరబోస్తారు. అంచున వరసగా రాళ్లు పెడతారు. సాయంత్రం కుప్ప చేసి నల్ల టార్పాలిన్ కప్పుతారు. చీకట్లో ఆ కుప్ప, ఆ రాళ్లు దగ్గరికొచ్చేదాకా కనపడవు. అందుకే ఈ దారిని వెలుతురులోనే దాటేయండి. వడ్ల మీదుగా మాత్రం బండి పోనివ్వకండి, అది ఒక ఇంటి ఆర్నెల్ల కష్టం.

ఆర్మూర్‌లో సిద్ధులగుట్ట రాళ్లు కనిపించాక నాలుగు వరసల 44వ నంబర్ జాతీయ రహదారి ఎక్కుతారు. వరద ఉంటే పోచంపాడు దగ్గర పక్కకి తిరిగి శ్రీరాంసాగర్ చూడండి. 42 గేట్లున్న ప్రాజెక్టు అది, నీళ్లు వదిలినప్పుడు ఆ హోరు కట్ట మీద నిలబడి వినాల్సిందే. సోన్ దగ్గర గోదావరి దాటితే నిర్మల్ వచ్చేసినట్టే. సాయంత్రం టైమ్ ఉంటే పొనికి కర్రతో చేసే కొయ్యబొమ్మలు చూడండి.

ఘాట్‌లో ఎక్కేటప్పుడు ఏ గేరు వాడారో దిగేటప్పుడూ దాదాపు అదే వాడండి. బ్రేకు తొక్కిపట్టి దిగితే అది వేడెక్కి పట్టు తగ్గుతుంది. తక్కువ గేరులో ఇంజనే బండిని ఆపుకుంటుంది. మలుపుల దగ్గర హారన్ కొట్టండి, ఓవర్‌టేక్ వద్దు. కోతులకి తిండి వేయకండి, వాటిని రోడ్డు మీదికి రప్పించేది అదే.

కుంటాల దగ్గర నేరడిగొండలో హైవే దిగితే ఇంకో 12 కిలోమీటర్లు. దాదాపు 45 మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు దూకుతాయి. కిందికి వందల మెట్లు. పట్టున్న చెప్పులు వేసుకోండి, నీళ్ల సీసా తీసుకెళ్లండి, తిరిగి ఎక్కడానికి శ్వాస మిగుల్చుకోండి. గుండంలోకి మాత్రం దిగొద్దు. పైకి ప్రశాంతంగానే ఉంటుంది, లోపల లోతు, సుడులు. ఇక్కడ ప్రాణాలు పోయినవాళ్లు చాలామంది ఉన్నారు. ఫొటో కోసం ఒకరు తడిబండ ఎక్కబోతే రెండోవాళ్లు చెయ్యి పట్టుకుని ఆపాలి.

మధ్యాహ్నానికి పైకి వచ్చేస్తే దగ్గర్లోని పొచ్చెర జలపాతం కూడా చూసి, చీకటి పడేలోపు ఘాట్ దిగి నిర్మల్ చేరుకోవచ్చు.