మీ బోర్డ్ గేమ్ ఎక్కడ మొరాయిస్తోంది?

వర్క్‌షాప్‌లో కొత్తగా గేమ్ తయారుచేసేవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. ఆడినవాళ్లు "ఏదో తేడాగా ఉంది" అనగానే ఇంకో రూల్ తగిలిస్తారు. నా లెక్కలో సగం జబ్బులు ఉన్న రూల్‌ను సవరిస్తేనో, పీకేస్తేనో పోతాయి. ఒక విడతకు ఒక్కటే మార్చండి. రెండు కలిపి మారిస్తే ఏ మందు పనిచేసిందో తేలదు.

సమస్య: "అంతా అదృష్టమే, మేం చేసేదేముంది?"
కారణం: ఎంత పడితే అంత జరపడమే ఆట అయింది. వైకుంఠపాళి అలాంటిదే. మీ బదులు పక్కింటి పిల్లాడు పందెం వేసినా ఒరిగేదేమీ లేదు.
పరిష్కారం: పాచికలు ఉండనివ్వండి, పడిన అంకెతో ఏం చెయ్యాలో ఎంచుకునే వీలివ్వండి. అష్టాచమ్మాలో మూడు పడిందనుకోండి. ఎదుటివాళ్ల కాయను చంపాలా, మన కాయను పండించుకోవాలా అని గవ్వలు చేతిలో పట్టుకుని ఆలోచిస్తాం. పక్కనున్నవాళ్లు సలహాలిచ్చేదీ అప్పుడే.

సమస్య: ఎప్పుడూ ఒక పక్షమే గెలుస్తోంది.
కారణం: లోపం ఆటలో ఉండొచ్చు, ఆడేవాళ్లలోనూ ఉండొచ్చు. 3 పులులు, 15 మేకలతో ఆడే పులి-మేక తీసుకోండి. కొత్తవాళ్లు మేకను పులి పక్కనే పెట్టి, దాని వెనక గడి ఖాళీగా వదిలేస్తారు. పులి దూకి తినేస్తుంది. అది చూసి పులులకు బలం ఎక్కువైందనుకుంటే పొరపాటే.
పరిష్కారం: పక్షాలు మార్చి, ఇద్దరికీ చెయ్యి తిరిగేదాకా ఆడించండి. అప్పటికీ అదే పక్షం గెలిస్తే ముందు అంకె ముట్టుకోండి, అంటే ఒక మేకను పెంచండి. మేకలన్నీ దిగాకే కదలాలన్న రూల్ లాంటివాటి జోలికి మాత్రం చివర్లో వెళ్లండి. అది కదిలితే ఆటే వేరైపోతుంది.

సమస్య: మొదట్లో ముందున్నవాడే చివరికీ గెలుస్తాడు, మిగతావాళ్లు ఫోన్లు తీస్తారు.
కారణం: గెలుపే మళ్లీ గెలుపును తెస్తోంది. మోనోపలీలో అద్దె డబ్బుతో ఇంకో స్థలం, దానిమీద ఇంకా అద్దె.
పరిష్కారం: 1995లో వచ్చిన కటాన్ చూడండి. 7 పడితే, చేతిలో ఏడు కార్డుల కన్నా ఎక్కువున్నవాళ్లు సగం వదులుకోవాలి. పాచికలు వేసినవాళ్లు దొంగ అనే కాయను జరుపుతారు, అది కూర్చున్న చోట రాబడి ఆగిపోతుంది; ఆ దొంగ సాధారణంగా వెళ్లేది ముందున్నవాడి మీదికే. రెండు పాచికలతో 7 పడే అవకాశం 36లో 6, అన్ని అంకెల్లోకీ ఎక్కువ. ఆ అంకెను ఊరికే ఎంచలేదు.

సమస్య: మీరు పక్కన లేకపోతే ఎవరూ ఆడలేకపోతున్నారు.
కారణం: సగం రూల్స్ మీ బుర్రలోనే ఉన్నాయి.
పరిష్కారం: రూల్స్ కాగితం ఇచ్చి నోరు మూసుకుని కూర్చోండి. కష్టమే. వాళ్లు ఎక్కడ ఆగారో రాసుకోండి, తిరగరాయాల్సిన వాక్యం అదే.

సమస్య: మార్చాలని తెలుసు, మనసొప్పట్లేదు.
కారణం: అప్పుడే రంగులేశారు.
పరిష్కారం: ఆట కుదిరేదాకా పాత శుభలేఖల వెనక పెన్సిల్‌తో కార్డులు, చొక్కా గుండీలతో కాయలు చాలు.