డబుల్ ప్రమోషన్ అడిగే ముందు

తరగతిలో ఎప్పుడూ మొదటి ర్యాంకు తెచ్చుకునే పిల్లను ఒక తరగతి దాటించి పైకి పంపాలా అని ఆలోచిస్తున్న తల్లిదండ్రులు, మొదట ఆ ర్యాంకు ఎలా వచ్చిందో విచారించాలి. మన ప్రైవేటు బడుల్లో చాలామంది పిల్లలకు వేసవి సెలవుల్లోనే రాబోయే తరగతి పాఠాలు సగం చెప్పేస్తారు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో పై తరగతుల లెక్కలు చేయిస్తారు. అలా ముందే చెప్పించుకున్న పిల్ల తరగతిలో అందరికన్నా ముందు కనిపించడంలో వింత లేదు. పై తరగతికి పంపిస్తే అక్కడ ముందుగా చెప్పినవారు ఎవరూ ఉండరు కనుక ఆ ముందంజ ఒక్క టర్ములో కరిగిపోతుంది. కొత్త విషయాన్ని ఒకటి రెండు సార్లు విన్నంతనే పట్టుకుని, చెప్పనిదాన్ని కూడా తానే ఊహించి అడిగే పిల్ల వేరు. డబుల్ ప్రమోషన్ గురించి ఆలోచించవలసింది ఆ రెండో రకం పిల్ల విషయంలోనే.

ఈ తేడాను ఇంట్లోనే కనిపెట్టవచ్చు. ఏ తరగతిని దాటించాలనుకుంటున్నారో ఆ తరగతి వార్షిక పరీక్ష ప్రశ్నపత్రాలను అన్ని సబ్జెక్టులవీ తెచ్చి, ఎవరి సాయమూ లేకుండా, గడియారం పెట్టి రాయించండి. లెక్కల్లో బ్రహ్మాండంగా రాసి తెలుగులో, సాంఘికశాస్త్రంలో తడబడితే, ఆ పిల్లకు కావలసింది లెక్కల్లో పైపాఠాలే కాని తరగతి మార్పు కాదు. ఆ తరువాత ఇంట్లో గాని బడిలో గాని ఎవరూ ఇంతవరకు చెప్పని ఒక అంశాన్ని ఎంచుకుని, మీరే ఓ అరగంట చెప్పి, మూడు రోజులు దాని ఊసెత్తకుండా ఊరుకుని, మళ్లీ అడిగి చూడండి. గుర్తుంచుకుందా అన్నదానికన్నా, ఈ మూడు రోజుల్లో దాని గురించి తానుగా ఏమైనా ఆలోచించిందా అన్నదే ఎక్కువ చెబుతుంది. ఉపాధ్యాయుల అభిప్రాయం కూడా తప్పక తీసుకోవాలి; ఐతే ‘బాగా చదువుతుందా’ అని అడిగితే అందరూ ఔననే అంటారు కనుక, తన పని ముందుగా పూర్తయ్యాక మిగిలిన సమయంలో ఏం చేస్తుంటుందని అడగాలి.

పిల్ల ఇష్టాన్ని ఆఖరున కాక ఈ దశలోనే తెలుసుకోవాలి. అమెరికాలో ఇలాంటి నిర్ణయాల కోసమే తయారైన అయోవా యాక్సిలరేషన్ స్కేల్ అనే కొలమానం, పిల్లకు ఇష్టం లేకపోయినా, వెళ్లబోయే తరగతిలో అన్నో అక్కో ఉన్నా తరగతి దాటించవద్దనే చెబుతుంది. రెండో షరతు మన ఇళ్లకు మరీ వర్తిస్తుంది. ఏడాది పెద్దవాడైన అన్న పక్క బెంచీలో కూర్చుని చెల్లెలితో ప్రతి పరీక్షలోనూ పోల్పించుకోవడం ఆ ఇద్దరికీ శిక్షే.

ఏ తరగతిని దాటించాలన్నది చాలామంది పట్టించుకోని విషయం. రాష్ట్ర సిలబస్‌లో హిందీ ఆరో తరగతిలో మొదలవుతుంది. ఐదు నుంచి నేరుగా ఏడుకు వెళ్లిన పిల్ల, ఎంత తెలివైనదైనా, అక్షరమాల రాకుండా వాచకం ముందు కూర్చుంటుంది. ఎనిమిదో తరగతిలో సామాన్యశాస్త్రం భౌతిక, జీవ శాస్త్రాలుగా విడిపోతుంది కనుక అక్కడ అడుగు తప్పినా తొమ్మిదిలో ఇబ్బందే. ప్రాథమిక తరగతుల్లో దాటించడమే నయమని నా అభిప్రాయం. అక్కడ కూడా ఒక మెలిక ఉంది: నవోదయ విద్యాలయాల ఆరో తరగతి ప్రవేశానికి మూడు, నాలుగు, ఐదు తరగతులను ఒక్కొక్కటి పూర్తి విద్యా సంవత్సరం చదివి ఉండాలన్న షరతు ఉంది. నవోదయ ఆలోచన ఉన్నవారు ఆ మూడింటిలో దేన్నీ దాటించకూడదు.

ఇక వయసు లెక్క. కాగితం మీద వేసి చూడకుండా ఈ నిర్ణయం తీసుకోవడం పొరపాటు. మన రాష్ట్రాల్లో ఐదేళ్లు నిండగానే ఒకటో తరగతిలో చేర్చడం మామూలు. 2005 ఏప్రిల్‌లో పుట్టి 2010 జూన్‌లో ఒకటో తరగతిలో చేరిన పిల్ల మామూలుగా 2020లో పది, 2022లో ఇంటర్ పూర్తి చేస్తుంది. ఒక తరగతి దాటిస్తే ఇంటర్ 2021లోనే అయిపోతుంది. కాని వైద్యవిద్యకు తప్పనిసరైన నీట్ రాయాలంటే ప్రవేశం పొందే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. ఈ పిల్లకు అప్పటికి నిండేవి 16 మాత్రమే. డాక్టరు కావాలనుకుంటే మిగుల్చుకున్న ఏడాదిని ఇంట్లో కూర్చుని గడపవలసిందే. ఇంజనీరింగ్‌కు ఈఏపీసెట్ (పూర్వపు ఎంసెట్) నిబంధన 16 ఏళ్లే కనుక ఆ దారిలో ఈ చిక్కు రాదు. పదో తరగతి పరీక్ష విషయానికి వస్తే, ఆ విద్యా సంవత్సరం ఆగస్టు 31 నాటికి 14 ఏళ్లు నిండనివారు వయసు సడలింపు కోసం దరఖాస్తు చేసుకోవాలి. అది పెద్ద అడ్డంకి కాదు గాని, ఫీజు కట్టే గడువులోపే ప్రధానోపాధ్యాయుని చేత ఆ కాగితాలు పంపించాలి.

ఇక్కడ కొందరు పుట్టినతేదీని వెనక్కి జరిపే ఆలోచన చేస్తారు. పూర్వం బడిలో చేర్చేటప్పుడు పంతులుగారే జూన్ ఒకటో, జూలై ఒకటో రాసేసి వయసు సరిపెట్టేవారు. మన పెద్దల్లో సగంమంది జూన్, జూలైల్లోనే పుట్టినట్టు కనిపించడానికి కారణం అదే. జనన ధ్రువపత్రం, ఆధార్, బడి రిజిస్టరు మూడూ ఒకదానితో ఒకటి సరిచూసే ఈ రోజుల్లో ఆ పని చేస్తే పిల్ల జీవితాంతం దాన్ని దిద్దుకుంటూ తిరగాలి.

బడి ఒప్పుకుంటే ఆ ఒప్పుదల కాగితం మీద ఉండాలి. ఏ తరగతి నుంచి ఏ తరగతికి, ఏ తేదీన, ఏ పరీక్ష ఆధారంగా మార్చారో ప్రధానోపాధ్యాయుని సంతకంతో తీసుకుని, ప్రవేశ రిజిస్టరులోనూ యూడైస్ ప్లస్ (బడుల, విద్యార్థుల వివరాలు నమోదయ్యే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ) వివరాల్లోనూ అలాగే నమోదైందో లేదో చూసుకోండి. రేపు ఉద్యోగాల్లో, కళాశాల ప్రవేశాల్లో స్థానికత తేల్చడానికి తరగతులవారీగా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. నాలుగు తరువాత ఆరు కనిపిస్తే, మధ్యలో ఐదు ఎక్కడ చదివారన్న ప్రశ్నకు సమాధానం చెప్పేది ఆ కాగితమే.

మార్పును జూన్‌లో బడి తెరిచేటప్పుడే చేయాలి. వేసవి సెలవుల సుమారు ఏడు వారాల్లో దాటించిన తరగతి పుస్తకాలను రోజుకు గంట చొప్పున తిరగేయిస్తే, భిన్నాల వంటి కీలకమైన చోట్ల ఖాళీలు మిగలవు. మొదటి ఫార్మేటివ్ పరీక్ష వరకు దీన్ని పరీక్షాకాలంగానే భావిద్దామని బడితోను, పిల్లతోను ముందే మాట్లాడుకోండి. ఆ లోపల నిద్ర తగ్గడం, బడికి వెళ్లనని మారాం చేయడం, మాట్లాడే నేస్తం ఒక్కరూ లేకపోవడం కనిపిస్తే పాత తరగతికి తిరిగి పంపవచ్చు. బంధువులందరికీ ముందే చాటింపు వేసి ఉంటే మాత్రం ఆ వెనకడుగు పిల్లకు ఫెయిలైనంత అవమానంగా మారుతుంది కనుక, పరీక్ష ఫలితం వచ్చేదాకా ఈ మాటను ఇంటి గడప దాటనివ్వకపోవడం మంచిది.

ఒక్క సబ్జెక్టులోనే ముందున్న పిల్లకు ఈ శ్రమంతా అక్కరలేదు. ఆస్ట్రేలియాలో పెరిగిన గణితవేత్త టెరెన్స్ టావ్ చిన్నతనంలో ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో స్థాయి తరగతిలో కూర్చునేవారు. మన బడుల్లో టైంటేబుల్ అంత సులువుగా వంగదు గాని, ఐదో తరగతి, ఆరో తరగతి లెక్కల పీరియడ్లు ఒకే వేళకు పడేటట్టు చూడమని ప్రధానోపాధ్యాయుణ్ణి అడగడంలో తప్పులేదు. కుదరకపోతే, ఆ పీరియడ్లో పిల్ల వెనక బెంచీలో కూర్చుని తన పుస్తకం తాను చేసుకోవడానికి అనుమతి రాయించుకున్నా చాలు.